ముగింపు రాయని నాటికతో మొదలుపెట్టండి

కుటుంబ గొడవలకు వెళ్లే పోలీసులకు శిక్షణ ఏర్పాటు చేసే బాధ్యత మీకు అప్పగించారని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదని రాశారు. కొన్నేళ్లు ఆ పని చేసిన అనుభవంతో చెబుతున్నాను, ఉపన్యాసాలతో మాత్రం మొదలుపెట్టకండి.

మొదటి విడతలో నేను ఆ పొరపాటే చేశాను. మానసిక నిపుణుడు రెండు గంటలు చక్కగా మాట్లాడారు. రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చినవాళ్లు వెనక వరుసలో కునికిపాట్లు పడ్డారు. తప్పు నాది. అప్పటి నుంచి డ్యూటీ పట్టిక చూశాకే తేదీలు ఖరారు చేసేవాడిని. శిక్షణ గంటలను డ్యూటీగా లెక్కించేలా పై అధికారితో ముందే ఉత్తర్వు ఇప్పించుకోండి.

1967లో న్యూయార్క్‌లో మనస్తత్వవేత్త మోర్టన్ బార్డ్ 18 మంది పోలీసులకు నెల రోజులు ఇలాంటి శిక్షణే ఇచ్చారు. నటులు ఆడిన నాటికలకు ముగింపు రాయలేదు. ఇద్దరిద్దరు పోలీసులు మధ్యలో ప్రవేశించి దాన్ని నడిపించాలి. అదే నాటికను మరో జంటతో మళ్లీ ఆడించేవారు. నేను అనుసరించింది ఈ పద్ధతినే.

మా తరగతిలో మొదటి జంట వస్తూనే "ఎవరు మొదలుపెట్టారు?" అని గద్దించింది. భార్య పాత్ర వేసిన నటి భర్త ముఖం చూసి నోరు మెదపలేదు. రెండో జంటలోని మహిళా కానిస్టేబుల్ ఆమెను పక్క గదికి తీసుకెళ్లి, కుర్చీ లాక్కుని కూర్చుని, "దెబ్బలేమైనా తగిలాయా అమ్మా?" అని మెల్లగా అడిగింది. నటి మెడ తడుముకుంది. గొంతు నులమడం ప్రాణాపాయానికి ముందు కనిపించే గుర్తుల్లో ఒకటని అప్పుడు చెప్పాను. అందరూ రాసుకున్నారు.

గొడవపడిన ఇద్దరి మాటలూ ఒకరివి ఒకరికి వినిపించకూడదు, పోలీసులిద్దరూ మాత్రం ఒకరికొకరు కనిపిస్తూ ఉండాలి. వంటగదిలో ఎవరినీ కూర్చోబెట్టకూడదు, కత్తులు చేతికందేది అక్కడే.

ఒక విషయంలో గట్టిగా నిలబడండి. మాటల తగవును చల్లార్చడం నేర్పండి, కొట్టిన చోట రాజీ కుదర్చడం నేర్పకండి. అక్కడ చట్టం పని చట్టం చేయాలి. సర్దుకుపొమ్మని చెప్పి పోలీసులు వెనుదిరిగిన ఇంట్లో, తలుపు మూసుకున్నాక ఆమె ఒంటరిదే.

చివరి రోజు మహిళల ఆశ్రయ గృహం నడిపేవారిని పిలవండి. ప్రసంగం వద్దు. రాత్రి రెండు గంటలకు ఫోను చేస్తే ఎత్తే మనిషిని పోలీసులు ముఖాముఖి చూడాలి, ఆ నంబరు తరగతిలోనే తమ ఫోనులో వేసుకోవాలి.