గేర్‌బాక్సు వెనక ఉంటే స్పోర్ట్స్ కారు దృఢత్వం పెరుగుతుందా?

గేర్‌బాక్సును వెనక ఇరుసు దగ్గరకు మార్చినంత మాత్రాన కారు బాడీ గట్టిపడదు. అయితే ఆ మార్పు వల్ల మధ్యలో ఖాళీ అయ్యే చోటును తెలివిగా వాడుకుంటే దృఢత్వం బాగా పెరుగుతుంది.

ముందున్న ఇంజను వెనకే గేర్‌బాక్సు ఉంటే, దాన్ని ఇమడ్చడానికి సీట్ల మధ్య కారు నేలలో పొడవుగా ఉబ్బెత్తుగా ఉండే సొరంగాన్ని వెడల్పు చేయాలి. కింది నుంచి దాన్ని బిగించాలి, విప్పాలి కాబట్టి సాధారణంగా అడుగు తెరిచే ఉంచుతారు. ఇక్కడే అసలు బలహీనత ఉంది. నిలువునా చీల్చిన గొట్టాన్ని మెలితిప్పితే సులువుగా తిరిగిపోతుంది. చీలిక లేని గొట్టం మొండిగా ఎదురు నిలుస్తుంది. గేర్‌బాక్సు వెనక్కి వెళ్తే సొరంగంలో ఇంజను శక్తిని వెనక్కి చేరవేసే సన్నని షాఫ్టు మాత్రమే మిగులుతుంది. అప్పుడు సొరంగాన్ని ఇరుకుగా కట్టి, అడుగున పలకతో మూసి, కారుకు వెన్నెముకలా మలచవచ్చు.

1997లో వచ్చిన ఐదో తరం షెవర్లే కార్వెట్‌లో చేసింది ఇదే. అడుగున పలకను వరుస బోల్టులతో బిగించారు. పైకప్పు తీసేయగల కారుకు ఈ బలం ఎంతో అవసరం, ఎందుకంటే పైనుంచి ఆసరా ఉండదు.

ఆ షాఫ్టును చుట్టి ఉండి, ఇంజనునూ గేర్‌బాక్సునూ కలిపే గొట్టమైన టార్క్ ట్యూబే బాడీని గట్టిగా ఉంచుతుందని చాలామంది పొరబడతారు. అది ప్రధానంగా ఆ రెండింటినీ ఒకే వరుసలో నిలిపి ఉంచుతుంది. ముందు, వెనక బరువు సమంగా పంచడం కూడా వేరే ప్రయోజనమే. దానికీ దృఢత్వానికీ నేరుగా సంబంధం లేదు.