చెట్టు వలయాలు చదివే చదువుకి ఉద్యోగం ఉంటుందా?

అనకాపల్లి నుంచి ఒక తండ్రి రాశారు. వాళ్ళమ్మాయి విశాఖలో బీఎస్సీ జియాలజీ ఆఖరి ఏడాది. 2024 జులై 30న వయనాడ్‌లో కొండ విరిగిపడ్డ వార్త చూసిన దగ్గర్నించీ ఆ పిల్లకి ఒకటే ధ్యాసట, కొండలు ఇదివరకు ఎప్పుడెప్పుడు జారాయో చెట్ల వలయాలు చూసి చెప్పొచ్చంట, నేను అదే చదువుతా అంటోందట. "దీనికి ఉద్యోగం ఉంటుందా, లేకపోతే బీఈడీలో చేర్పించమంటారా" అని ఆయన ప్రశ్న.

సూటిగా చెప్తానండీ. చెట్టు వలయాల చదువు అన్న పేరుతో మన దగ్గర పోస్టులు పడవు. ఉద్యోగం వచ్చేది జియాలజిస్టుగా, ఈ విద్య దాంట్లో చేతికొచ్చే ఒక ప్రత్యేకత. అందుకే బీఈడీ మాట ఇప్పుడు ఎత్తకండి, ఎమ్మెస్సీ జియాలజీ చేయించండి.

అమ్మాయి దేని గురించి అంత ఇదవుతోందో మీరూ కొంచెం తెలుసుకోవాలి కదా. దుంగని అడ్డంగా కోస్తే గుండ్రంగా కనిపించే గీతలే వలయాలు, చలి ప్రాంతాల చెట్లకి మామూలుగా ఏడాదికొకటి పడుతుంది. కొండవాలు జారినప్పుడు దాని మీదున్న చెట్లన్నీ చచ్చిపోవు, కొన్ని పక్కకి ఒరిగి అలాగే బతుకుతాయి. ఒరిగిన చెట్టు మళ్ళీ నిటారుగా లేవడానికి తంటాలు పడుతుంది, దేవదారు, పైన్ లాంటివైతే ఒరిగిన వైపున ముదురు రంగు గట్టి కలప పెడతాయి, దాంతో ఆ ఏడాది నుంచి వలయాలు ఒక పక్క వెడల్పుగా, ఇంకో పక్క సన్నగా వస్తాయి. బెరడు దగ్గర్నించి లోపలికి లెక్కపెట్టుకుంటూ పోతే ఆ తేడా మొదలైన ఏడాది తెలిసిపోతుంది. రాయి తగిలిన గాయం ఉంటే ఇంకా మేలు, అది వలయంలో ఎక్కడ పడిందో చూసి ఆ ఏడాదిలో ఏ కాలమో కూడా చెప్తారు. ఒక్క చెట్టు మాటే నమ్మరండోయ్, గాలికి కూడా ఒరగొచ్చు కాబట్టి, వాలంతా తిరిగి ఒకే ఏడాది దెబ్బ తిన్న చెట్లన్నిటినీ మ్యాప్ మీద గుర్తుపెడితే అప్పుడు ఎంత మేర జారిందో బయటపడుతుంది.

దీనికి చెట్టు కొట్టక్కర్లేదు. చేత్తో తిప్పే ఒక బోలు బరమా ఉంటుంది, దాంతో పెన్సిల్ కంటే సన్నటి పుల్ల బయటికి లాగుతారు. డెహ్రాడూన్‌లో ఒక రీసెర్చ్ స్కాలర్ నాకు చూపించాడు, ఆ పుల్లని గాడి ఉన్న చెక్కకి అతికించి, గరుకు కాగితం నుంచి నున్నటి కాగితం దాకా మార్చి మార్చి రుద్దుతూనే ఉన్నాడు, మైక్రోస్కోప్ కింద పెట్టేసరికి ఒక్కో గీతా విడిగా కనిపించింది. అంత ఓపిక మీ అమ్మాయికి ఉందా అన్నది మీకే తెలియాలి.

ఈ పని దేనికి పనికొస్తుందంటే, అమెరికాలో సియాటిల్ ఊరి పక్కన లేక్ వాషింగ్టన్ అని సరస్సు ఉంది. ఒకప్పుడు భూకంపానికి ఒడ్డు జారి అడవితో సహా నీళ్ళలోకి పోయింది, ఆ చెట్లు ఇప్పటికీ అడుగున ఉన్నాయి. ఆ చెట్లనీ, చుట్టుపక్కల అప్పుడే చచ్చిన మరికొన్ని చెట్లనీ పోల్చి చూసి, అవి క్రీ.శ. 923 చివరికీ 924 మొదటికీ మధ్య, పెరుగుదల ఆగిన చలికాలంలో పోయాయని 2023లో తేల్చారు. వేర్వేరు చోట్ల చెట్లు ఒకే చలికాలంలో పోయాయంటే రెండు ఫాల్టులు, అదే భూమి లోపలి పగుళ్ళు, కలిసి ఒకేసారి కదిలుండాలి, లేదా కొన్ని నెలల తేడాతో రెండు భూకంపాలు వచ్చుండాలి. వెయ్యేళ్ళ కిందటి సంగతి ఇప్పుడు ఆ ఊళ్ళో ఉన్న లక్షల మందికి ఎంత అవసరమో చూడండి.

అమ్మాయికి ఒకటి ముందే చెప్పండి, వయనాడ్ లాంటి చోట ఇది తేలిక కాదు. ఉష్ణమండలంలో చాలా చెట్లకి ఏడాదికో వలయం స్పష్టంగా పడదు. అందుకే మన దేశంలో ఈ పనికి అసలు చోటు హిమాలయాలు.

ఇక దారి. ఐఐటీల్లో ఎమ్మెస్సీ సీటుకి పెట్టే జామ్ పరీక్ష, జియాలజీలో రాయించండి, సీటు రాకపోయినా ఆంధ్రా యూనివర్సిటీ ఎమ్మెస్సీ చాలు, తక్కువగా చూడొద్దు. తర్వాత రెండు గుమ్మాలు. ఒకటి యూపీఎస్సీ వాళ్ళ కంబైన్డ్ జియోసైంటిస్ట్ పరీక్ష, అందులోంచి జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకి వెళ్తారు, మన దేశంలో కొండచరియల అధ్యయనానికి నోడల్ సంస్థ, అంటే ముఖ్య బాధ్యత ఉన్న సంస్థ అదే, మొదటి బేసిక్ నెలకి 56,100. రెండోది సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష రాసి, జేఆర్ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ తెచ్చుకుని పీహెచ్‌డీ, అది నెలకి 37,000, లక్నోలో బీర్బల్ సాహ్ని ఇన్‌స్టిట్యూట్‌లో చెట్టు వలయాల ల్యాబ్ ఉంది, డెహ్రాడూన్‌లో హిమాలయాల భూగర్భం మీద పనిచేసే వాడియా ఇన్‌స్టిట్యూట్ ఉంది. నా మట్టుకు నేను రెండు పరీక్షలూ రాయమంటాను, సిలబస్ చాలా వరకు కలుస్తుంది. విదేశం అంటే అమెరికాలో అరిజోనా యూనివర్సిటీలో 1937లో పెట్టిన చెట్టు వలయాల ల్యాబ్ ఉంది, కానీ దానికోసం పొలం అమ్మి ఎమ్మెస్‌కి పంపకండి, ఫండింగ్ ఇచ్చే పీహెచ్‌డీ దొరికితేనే పంపండి.

ఆడపిల్ల, కొండల్లో ఎలా అని మీరు రాయలేదు గానీ మీ ఉత్తరంలో ఆ బెంగ కనిపిస్తోంది. ఫీల్డు వారాల తరబడి ఉంటుంది, క్యాంపులు ఉంటాయి, దాచను. కానీ ఒంటరిగా పంపరు, టీముతో వెళ్తారు, ఆడవాళ్ళూ చాలామంది ఈ ఉద్యోగాలు చేస్తున్నారు.

ఈ సెలవుల్లో ఒక పని చేయించండి. దగ్గర్లో సామిల్లుకి తీసుకెళ్ళి టేకు దుంగ చివర ముక్క ఒకటి అడగండి. మన చెట్లలో టేకుకి మాత్రం ఏటా పెరుగుదల మొదలైనప్పుడు పెద్ద రంధ్రాల వరస పడుతుంది, గరుకు కాగితంతో రుద్ది కొంచెం తడిపితే భూతద్దంలో బాగా కనిపిస్తుంది. ఒకసారి లెక్కపెట్టమనండి, అంకె రాసి పెట్టుకుని మర్నాడు మళ్ళీ లెక్కపెట్టమనండి. రెండూ కలవకపోతే మూడోసారి తనంతట తనే కూర్చుంటుందా లేదా చూసి, నాకు మళ్ళీ రాయండి.