అన్నీ మానేశాను, పొట్ట ఉబ్బరం మాత్రం మానలేదు

పాఠకుల ప్రశ్నలు, ఆహార నిపుణురాలి జవాబులు

ప్రశ్న: మేడమ్ గారూ, మాది నరసన్నపేట దగ్గర పల్లె. వయసు 38, ప్రైవేటు స్కూల్లో టీచర్ని. ఏడాది పైనుంచి కడుపుబ్బరంతో వేగలేకపోతున్నాను. పొద్దున్న పొట్ట మామూలుగానే ఉంటుంది, మధ్యాహ్నం క్యారేజీ తిన్నాక మొదలవుతుంది, ఆఖరి పీరియడుకి లంగా బొందు వదులు చేసుకుంటే తప్ప నిలబడలేను. వీడియోలు చూసి మొదట పాలు మానేశాను, తర్వాత గోధుమ, కందిపప్పు, గుడ్డు, వంకాయ. ఈమధ్య ఒక ల్యాబ్‌లో ఫుడ్ ఇన్‌టాలరెన్స్ టెస్ట్ అని రక్తం తీసుకుని పెద్ద పట్టిక ఇచ్చారు, అందులో పెరుగు, నువ్వులు, వేరుశెనగ, గోధుమ అన్నీ ఎర్ర రంగులో ఉన్నాయి. ఇప్పుడు అన్నం, బీరకాయ, సొరకాయ తప్ప ఏమీ తినడం లేదు. నాలుగు కిలోలు తగ్గాను. మా అత్తగారు "తిండి మానేస్తే జబ్బు పోద్దేటే?" అని రోజూ సాధిస్తున్నారు. ఇంకా ఏం మానేయాలో చెప్పండి. (పేరు వేయొద్దు, శ్రీకాకుళం జిల్లా)

జవాబు: ఇంకేమీ మానొద్దమ్మా. ముందు ఆ ఎర్ర పట్టికని మడిచి బీరువాలో పడేయండి. అందులో కొలిచేది సాధారణంగా ఐజీజీ అనే యాంటీబాడీని. మనం తరచూ తినే వస్తువులకి అది ఏ జబ్బూ లేనివాళ్ల రక్తంలో కూడా ఉంటుంది. మన ఇళ్లలో నువ్వులపొడి, పెరుగు రోజూ ఉండేవే, ఎర్రగా రాక ఏమవుతాయి? అది మీరు తిన్నవాటి చిట్టా, పడనివాటి చిట్టా కాదు. తిండి పడుతుందో లేదో తేల్చడానికి ఈ పరీక్ష వాడొద్దని ఐరోపా అలర్జీ నిపుణుల సంఘం 2008లోనే చెప్పింది, అయినా అమ్మేవాళ్లు అమ్ముతూనే ఉన్నారు. అలర్జీ సంగతి వేరు. రొయ్యలు తిన్న కాసేపటికే దద్దుర్లు లేవడం, పెదాలు వాయడం, ఊపిరి ఆడకపోవడం లాంటివి ఉంటే ఇంట్లో ప్రయోగాలు చేయకుండా డాక్టరు దగ్గరికే వెళ్లాలి.

మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది ఉబ్బరం కాదు, ఆ నాలుగు కిలోలు. తిండి తగ్గింది కాబట్టి బరువు తగ్గి ఉండొచ్చు, బహుశా అంతే. కానీ అలా అనుకుని ఊరుకోకూడదు. జిల్లా పెద్దాసుపత్రిలోనో, మీకు నమ్మకమున్న డాక్టరు దగ్గరో ఒకసారి చూపించుకోండి. రక్తం తక్కువుందేమో, థైరాయిడ్ ఎలా ఉందో చూస్తారు, అవసరమైతే పొట్ట స్కానింగ్ రాస్తారు. మలంలో రక్తం, జ్వరం, వాంతులు, నిద్రలోంచి లేపేసేంత నొప్పి ఉంటే మాత్రం రేపూ ఎల్లుండీ అనొద్దు. ఆడవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి: ఉబ్బరం వారాల తరబడి వదలకుండా ఉండి, నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతుంటే, మాటిమాటికీ మూత్రం వస్తుంటే అండాశయాలు కూడా చూపించుకోవాలి, ముఖ్యంగా యాభై దాటినవాళ్లు. గ్యాసే కదా అని సరిపెట్టుకుని ఆలస్యం చేసుకునేది ఇక్కడే.

ఇప్పుడు గోధుమ. గోధుమలోని గ్లూటెన్ పడక పేగు దెబ్బతినే జబ్బు ఒకటి ఉంది, సీలియాక్ అంటారు. ఉత్తరాదితో పోలిస్తే మన దక్షిణాదిలో తక్కువే, అయినా టీటీజీ అనే రక్తపరీక్షతో చూసుకోవచ్చు. చిక్కేమిటంటే గోధుమ మానేసి ఉన్నప్పుడు ఆ పరీక్ష చేయిస్తే జబ్బున్నా లేనట్టు రావొచ్చు. అందుకని డాక్టరు ఆ పరీక్ష రాస్తే దానికి ముందు కనీసం ఆరు వారాలు రోజూ ఒకటికి రెండు పూటలు గోధుమ తినాలి. అంటే మీరు మానేయడం వల్ల తేలాల్సింది తేలకుండా పోయింది! ఇక సీలియాక్ లేకపోయినా చపాతీ తింటే ఉబ్బరం వచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లలో నేరం గ్లూటెన్‌ది కాకపోవచ్చు. నార్వేలో 59 మందికి చిక్కీ ముక్కల్లాంటి బార్లు, దేనిలో ఏముందో చెప్పకుండా పెట్టి చూసి 2018లో ఫలితాలు వేశారు. గ్లూటెన్ ఉన్న బార్ల కంటే ఫ్రక్టాన్ అనే పిండిపదార్థం ఉన్న బార్లు తిన్నప్పుడే బాధలు ఎక్కువయ్యాయి. ఆ ఫ్రక్టాన్ గోధుమలోనే కాదు, ఉల్లిపాయలో ఉంది, వెల్లుల్లిలో ఉంది. ఇది చిన్నపేగులో అరగదు, పెద్దపేగులో ఉండే బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి గ్యాస్ చేస్తుంది. చపాతీ మానేసి ఉల్లిపాయ కూర తింటూ కూర్చుంటే ఏం తేడా తెలుస్తుంది చెప్పండి.

పాలు కూడా పూర్తిగా మానక్కర్లేదు. పెద్దయ్యాక పాలలోని లాక్టోజ్‌ని అరిగించే ఎంజైము మనవాళ్లలో చాలామందికి తగ్గిపోతుంది, అది జబ్బు కాదు. పావు లీటరు పాలలో సుమారు 12 గ్రాముల లాక్టోజ్ ఉంటుంది, ఒకేసారి అంతవరకూ చాలామంది పెద్ద ఇబ్బంది లేకుండానే తట్టుకుంటారు. టీలో పోసుకునే నాలుగు చెంచాలు ఏమీ చేయవు. పెరుగు తోడుకునేటప్పుడే కొంత లాక్టోజ్ ఖర్చయిపోతుంది, ఆ తోడులోని బ్యాక్టీరియా మిగతాది అరగడానికి సాయం చేస్తుంది కాబట్టి పాలు పడనివాళ్లకి కూడా పెరుగన్నం పడుతుంది. మీ పెరుగు మీరు తెచ్చేసుకోండి.

ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. స్కూల్లో బాత్రూము బాగుందా? టీచర్ల దగ్గర నేను తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. బాత్రూముకి వెళ్లాల్సి వస్తుందని పొద్దున్నుంచి నీళ్లు తాగరు, విరేచనానికి వెళ్లాలనిపించినా ఆపుకుంటారు, పదిహేను నిమిషాల్లో క్యారేజీ మింగేసి క్లాసుకి పరిగెడతారు. వెనక దారి మూసుకుపోతే ముందు పుట్టిన గ్యాస్ ఎటు పోతుంది? మీకు రోజూ సాఫీగా విరేచనం అవుతోందా లేదా అన్న ఊసే ఉత్తరంలో లేదు. పైగా బీరకాయ, సొరకాయ, తెల్లన్నం తప్ప ఏమీ తినకపోతే పీచు ఎక్కడిది? మలబద్ధకం ఉంటే ముందు దాని సంగతి చూడాలి, సగం ఉబ్బరం అక్కడే తగ్గొచ్చు.

ఆ తర్వాత కూడా తగ్గకపోతే అప్పుడు తిండి పరీక్ష పెట్టుకుందాం. 2005 నుంచి ఆస్ట్రేలియాలోని మొనాష్ యూనివర్సిటీ వాళ్లు దీనికో పద్ధతి తయారుచేశారు, ఫాడ్‌మ్యాప్ డైట్ అంటారు. గ్యాస్ పుట్టించే పిండిపదార్థాలని రెండు నుంచి ఆరు వారాలు మాత్రమే తగ్గించి, మళ్లీ ఒక్కొక్కటే తెచ్చుకుని చూడటం. తెచ్చుకోవడం అన్న సగాన్ని వీడియోల్లో ఎవరూ చెప్పరు. ఎలాగంటే, కందిపప్పు తీసుకోండి: మొదటి రోజు రెండు చెంచాల ముద్దపప్పు, మర్నాడు అర గరిటె, మూడో రోజు మామూలుగా తినేంత. ఏ రోజు ఎంత తిన్నారో, సాయంత్రానికి పొట్ట ఎలా ఉందో, విరేచనం అయిందో లేదో, నెలసరి ఎప్పుడో పిల్లల పాత నోటుబుక్కులో రాయండి (నెలసరి ముందు చాలామందికి ఏం తిన్నా తినకపోయినా ఉబ్బరం ఉంటుంది). రెండు మూడు రోజులు ఆగి ఇంకో వస్తువు. అన్నీ ఒకేసారి మొదలుపెడితే దొంగ దొరకడు. బరువు తగ్గారు కాబట్టి డాక్టరు చూసి సరేనన్నాకే ఇది మొదలుపెట్టండి.

మన వంటలో సులువులు కొన్ని ఉన్నాయి. పప్పులు, శెనగలు నానబెట్టి ఆ నీళ్లు పారబోసి కొత్త నీళ్లతో ఉడికిస్తే గ్యాస్ సరుకు కొంత ఆ నీళ్లతోనే పోతుంది. వెల్లుల్లిలోని ఫ్రక్టాన్ నీటిలో కరుగుతుంది, నూనెలో కరగదు, కాబట్టి పోపులో రెబ్బలు వేయించి తీసేస్తే వాసన మిగులుతుంది, బాధ తగ్గుతుంది. పులుసులో ఉడకనిచ్చి తర్వాత ఏరేస్తే లాభం లేదు. ఇంగువ వాడొచ్చు గానీ బజారు ఇంగువలో చాలావాటిలో మైదా కలుస్తుంది, సీలియాక్ తేలినవాళ్లు డబ్బా చదివి కొనాలి. ఇక మన జిల్లా గొప్ప చెప్పుకునే జీడిపప్పు, పనస తొనలు రెండూ గ్యాస్ పుట్టించడంలో గట్టివే. పలాస నుంచి చుట్టాలు తెచ్చారని గుప్పెడు జీడిపప్పు నమిలేసి, రాత్రి పాలు తాగాను కాబట్టి ఉబ్బరం వచ్చిందనుకునేవాళ్లు నాకు తెలుసు. వేరుశెనగ గింజలు ఆ విషయంలో చాలా నయం. ఎర్ర పట్టికలో ఉన్నా సరే.

మీ అత్తగారు సాధించడం మానేస్తే బాగుణ్ణు గానీ, ఆవిడ మాట నిజమే.

ప్రశ్న: మాది బొబ్బిలి. వయసు 54. షుగర్ కొత్తగా వచ్చింది, మాత్ర మొదలుపెట్టిన దగ్గర్నుంచి పొట్టలో ఒకటే గడబిడ, గ్యాస్. అన్నం పడటం లేదేమో అని రెండు పూటలా చపాతీకి మారాను, ఇంకా ఎక్కువైంది. రోజూ రాత్రి ఈనో తాగుతున్నాను. బీపీ కూడా ఉంది.

జవాబు: అన్నాన్ని అనుమానించే ముందు మాత్ర చీటీ చూడండి బాబూ. అది మెట్‌ఫార్మిన్ అయితే మొదట్లో గ్యాస్, విరేచనాలు చాలామందికి వస్తాయి. సొంతంగా ఆపేయొద్దు. భోజనంతో పాటు వేసుకుంటున్నారా? నెమ్మదిగా విడుదలయ్యే రకం కూడా ఉంది, అది సరిపోతుందేమో, మోతాదు మెల్లగా పెంచొచ్చేమో మీ డాక్టర్నే అడగండి. షుగర్ ఉన్నవాళ్ల కోసమని అమ్మే మిఠాయిలు, బిస్కెట్లు తింటున్నారేమో కూడా చూసుకోండి, వాటిలో తీపికి వేసే సార్బిటాల్, మాల్టిటాల్ గ్యాస్ చేస్తాయి. ఈనోలో ఉండేది సోడియం, అది బీపీకి మంచిది కాదు, ఎప్పుడో ఒకసారికి తప్ప రోజూ తాగే వస్తువు కాదు. మెడికల్ షాపులో అడిగి కడుపునొప్పికి నొప్పి మాత్రలు తెచ్చుకునే అలవాటుంటే అదీ మానుకోండి, షుగరూ బీపీ రెండూ ఉన్నవాళ్ల కిడ్నీలకి అవి మంచివి కావు.

ప్రశ్న: చోడి (రాగి) అంబలి ఆరోగ్యమని మొదలుపెట్టాను, తాగిన రెండు గంటలకి పొట్ట బిగిసిపోతోంది. చోళ్లు నాకు పడవా? (డిగ్రీ విద్యార్థి, విజయనగరం)

జవాబు: ఎంత తాగుతున్నావు నాయనా, చెంబుడా? అలవాటు లేని పీచు ఒక్కసారిగా పెరిగితే ఎవరికైనా గ్యాస్ వస్తుంది, అర గ్లాసుతో మొదలుపెట్టి రెండు మూడు వారాల్లో పెంచుకో. చోళ్లలో గ్లూటెన్ లేదు కాబట్టి ఆ భయం అక్కర్లేదు. ఇంకో అనుమానం, అంబలి పక్కన పచ్చి ఉల్లిపాయ కొరుక్కుంటున్నావేమో. ఒక వారం ఉల్లిపాయ పక్కన పెట్టి మిరపకాయతో తాగి చూడు, తేడా తెలిస్తే చోళ్లని ఏమీ అనకు.