చిట్టితో వైట్ రిమ్ రోడ్డుకి వెళ్లే ముందు

చిరంజీవి కిరణ్‌కి, మామయ్య ఆశీస్సులు.

వచ్చే ఏప్రిల్‌లో చిట్టిని తీసుకుని అమెరికా యూటాలోని కాన్యన్‌ల్యాండ్స్ నేషనల్ పార్క్‌కి వెళ్లి, వైట్ రిమ్ రోడ్డు మీద సైకిళ్లు తొక్కుతారని స్వాతి చెప్పింది. చాలా సంతోషంరా. పదేళ్ల పిల్లకి ఎడారి చూపించడానికి అంతకన్నా మంచి చోటు నాకు తెలీదు. కానీ నువ్వు పంపిన ప్లాన్ చూశాక ఒక మాట గట్టిగా చెప్పాలనిపించింది. మూడు రోజుల్లో నూరు మైళ్లు చుట్టి రావడం నీ కాళ్లని బట్టి వేసిన లెక్క. చిట్టి కాళ్లని బట్టి లెక్క వేసుకో. ఈసారికి పూర్తి చుట్టు వద్దు. షేఫర్ దారిలో కిందికి దిగి, గూస్‌బెర్రీ క్యాంపు దాకానో, చోటు దొరికితే ఇంకా ముందున్న వైట్ క్రాక్ క్యాంపు దాకానో వెళ్లి, వచ్చిన దారినే తిరిగి వచ్చేయండి.

వైట్ క్రాక్ దాటాక మర్ఫీ హాగ్‌బ్యాక్ అనే నిటారు ఎక్కుడు ఉంది. ఆ తర్వాత గ్రీన్ రివర్ పక్కన ఇసుక, ఆపైన హార్డ్‌స్క్రాబుల్ కొండ. నది పొంగితే ఆ వైపు రోడ్డు మునుగుతుంది కూడా. మర్ఫీ దాటాక పిల్లకి జ్వరం వచ్చిందనుకో, ముందుకి పోయినా వెనక్కి వచ్చినా దాదాపు అంతే దూరం. తూర్పు సగంలో ఆ బాధ లేదు. తెల్ల ఇసుకరాయి పొర మీదుగా దారి చాలావరకు చదునుగా పోతుంది, ఏ పూటైనా బండి వెనక్కి తిప్పేయొచ్చు. 1950ల్లో యురేనియం వెతికేవాళ్ల కోసం వేసిన రోడ్డు అది. అక్కడ పార్క్ వచ్చింది 1964లో. దారిలో చిట్టికి ఈ కథ చెప్పు, దానికి నచ్చుతుంది.

పర్మిట్ లేకుండా బయల్దేరొద్దు. రాత్రి ఉన్నా, ఒక్క పగలు తిరిగి వచ్చినా, సైకిలైనా, జీపైనా పర్మిట్ ఉండాల్సిందే. ఏప్రిల్ క్యాంపులకి నెలల ముందే పోటీ ఉంటుంది. జీప్ స్వాతి నడుపుతానంది కదా, మంచిదే. మామూలు అద్దె కార్ల ఒప్పందంలో మట్టిరోడ్డు మీదికి తీసుకెళ్లకూడదని ఉంటుంది కాబట్టి పక్కనున్న మోయాబ్ ఊళ్లో ఆ రోడ్లకే అద్దెకిచ్చే జీప్ తీసుకోండి. లో రేంజ్ ఫోర్ వీల్ డ్రైవ్ (నాలుగు చక్రాలకీ నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే గేరు), పూర్తి సైజు స్పేర్ టైరు ఉన్నాయో లేదో చూసుకోండి. అక్కడి నుంచి బండిని లాగించాలంటే వెయ్యి డాలర్లు దాటుతుంది.

షేఫర్ మలుపుల్లో మాత్రం చిట్టి సైకిల్ జీప్ మీదే ఉండాలి. ఎంత మారాం చేసినా సరే. దిగుడంతా బ్రేకులు పట్టుకుని చిన్న వేళ్లు లాగేస్తాయి, పట్టు తప్పుతుంది. పక్కన రెయిలింగ్ ఉండదు. ఇంటి దగ్గరే దాని బ్రేక్ లివర్‌ని హ్యాండిల్ దగ్గరికి జరిపించు. చూపుడువేలి మొదటి కణుపు సులువుగా అందాలి. నీ టైర్లలో ఎంత గాలి పెడతావో దాని టైర్లలో అంత పెట్టకు. ముప్పై కిలోల పిల్ల, గట్టి టైరు మీద ప్రతి రాయికీ ఎగిరి పడుతుంది. ఇసుక వచ్చినప్పుడు తేలిక గేరు వేసుకుని, దూరం చూస్తూ, తొక్కడం ఆపకుండా పోవాలని నేర్పు. తొక్కలేకపోతే దిగి నడవడంలో తప్పేమీ లేదని కూడా చెప్పు. మెత్తటి సైక్లింగ్ షార్ట్స్ పెద్దవాళ్లు తమకి కొనుక్కుంటారు, పిల్లలకి మర్చిపోతారు. రెండో రోజు పొద్దున ఏడుపు వచ్చేది అక్కడే.

ఇక నీళ్లు. రోడ్డు పొడవునా తాగే నీళ్లు ఎక్కడా దొరకవు. మనిషికి రోజుకి ఒక గాలన్ అనేది కనీసం. మీరు ముగ్గురూ మూడు రోజులంటే తొమ్మిది. నువ్వు పద్నాలుగు పెట్టుకో, ఒకే డబ్బాలో పొయ్యకు. ఆటలో పడ్డ పిల్లలు దాహమని అడగరు, అడిగేసరికే ఆలస్యమైపోతుంది. ఇరవై నిమిషాలకోసారి ఆగి, వంద మిల్లీలీటర్లకి తగ్గకుండా తాగించు. వీపుకి తగిలించుకునే నీళ్ల సంచీ గొట్టంలో నీళ్లు ఎండకి వేడెక్కి ఉంటాయి, మొదటి గుక్క కాలగానే చిట్టి మళ్లీ ఆ గొట్టం నోట్లో పెట్టదు. తాగిన ప్రతిసారీ గాలి ఊది, గొట్టంలో మిగిలిన నీళ్లని సంచీలోకి పంపెయ్యమని ఇంట్లోనే అలవాటు చెయ్. ఉప్పు కూడా పోతుంది కాబట్టి మొదటి రోజుకి పులిహోర, మిగతా రోజులకి ఉప్పు వేసిన పల్లీలు, చపాతీ, ఆవకాయ తీసుకెళ్లండి. కట్టెల మంట పెట్టనివ్వరు, గ్యాస్ స్టవ్ ఉండాలి.

అన్నిటికన్నా నాకు టెన్షన్ అంచుల గురించే. ఆ తెల్లరాయి అంచు ఉన్నట్టుండి ఆగిపోతుంది, కింద పాతాళం. సైకిల్ మీద ఉండగా అంచు దగ్గరికి పోకూడదు. చూడాలనుకుంటే సైకిల్ పడుకోబెట్టి, నీ చెయ్యి పట్టుకుని నడిచి రావాలి. మసల్‌మన్ ఆర్చ్ అనే రాతి వంతెన చూడగానే దాని మీద పరుగెత్తాలనిపిస్తుంది, అక్కడ ఎక్కడం నిషేధం. చిట్టి మెళ్లో ఒక విజిల్ వెయ్యి. మలుపు తిరిగాక మీరు కనబడకపోతే అక్కడే ఆగి, మూడుసార్లు ఊది, కదలకుండా ఉండాలి. బయల్దేరే ముందు పార్కులో రెండుసార్లు ఈ ఆట ఆడించు.

దారి పక్కన నల్లగా, గరుకుగా పొంగిన మట్టి కనబడుతుంది. అది ప్రాణమున్న పొర, ఒక్క అడుగు పడితే మళ్లీ కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది. రోడ్డు దిగి తొక్కకండి. రాతి గుంటల్లో నిలిచిన వాన నీళ్లలో చిన్నచిన్న పురుగులు ఈదుతుంటాయి. పక్కన బోర్లా పడుకుని ఎంతసేపైనా చూడనివ్వు, చెయ్యి మాత్రం పెట్టనివ్వకు. సన్‌స్క్రీన్ రాసిన వేళ్లు వాటికి విషం. ఆ రోజు నాలుగు మైళ్లు తక్కువ తొక్కినా నష్టం లేదు.

వాన పడిందంటే షేఫర్ జారుడు బండలా తయారవుతుంది. వాన సూచన ఉంటే హోటల్లోనే ఉండిపోండి. ఏప్రిల్‌లో కూడా రాత్రుళ్లు గజగజ వణికిస్తుంది, చిట్టికి ఉన్ని టోపీ మర్చిపోవద్దని స్వాతికి చెప్పు.

అక్కడ ఫోన్ సిగ్నల్ నమ్ముకోవడానికి లేదు. సిగ్నల్ లేకున్నా ఉపగ్రహం ద్వారా మెసేజ్ పంపే శాటిలైట్ మెసెంజర్ నా దగ్గరుంది, కొత్తది కొనకు, పోస్టులో పంపిస్తాను. దానికి కట్టే చందా ప్లాన్ ఒక్క నెలకి తీసుకుంటే చాలు. అందగానే పెరట్లోకి వెళ్లి నాకొక మెసేజ్ పెట్టి చూడు. బటన్లు నువ్వు కాదు, చిట్టి చేత నొక్కించు.

మీ మామయ్య