చలి దేశాల్లో కుట్టే నుసుమలు శీతాకాలం ఎలా గడుపుతాయి?

మిడ్జ్‌లు అనే ఈ కుట్టే నుసుమలు చలికాలాన్ని ఎక్కువగా లార్వా దశలోనే, తడి మట్టిలోనో బురదలోనో పేడలోనో గడుపుతాయి. ఎగిరే పెద్ద పురుగుల్లో చాలా వరకు గట్టి మంచు పడేసరికి చచ్చిపోతాయి. కొన్ని జాతులైతే గుడ్లుగా మిగులుతాయి.

గాలి చల్లబడినంత త్వరగా తడిసిన నేల చల్లబడదు. పైన మంచు పరుచుకుంటే అది దుప్పటిలా పనిచేసి, కింద ఉష్ణోగ్రత మరీ పడిపోకుండా ఆపుతుంది. ఆ చలిలో లార్వా ఎదుగుదల బాగా నెమ్మదిస్తుంది, కొన్నిటిలో దాదాపు ఆగిపోతుంది. నేల వెచ్చబడ్డాక ప్యూపాగా మారి, రెక్కలతో బయటికొస్తుంది.

స్కాట్లాండ్ హైలాండ్స్ మిడ్జ్‌నే చూడండి. దాని లార్వాలు చిత్తడి పీట్ (సగం కుళ్లిన మొక్కలు పేరుకుని ఏర్పడే మెత్తటి) నేలలో, పై కొద్ది సెంటీమీటర్లలోనే చలికాలమంతా ఉంటాయి. మే, జూన్ నెలల్లో గుంపులుగా లేస్తాయి (అక్కడికి వెళ్లే పర్యాటకులకు అసలు టెన్షన్ అప్పుడే మొదలు).

చలి గట్టిగా ఉంటే మరుసటి ఏడు ఇవి ఉండవని చాలామంది అనుకుంటారు. కానీ చనిపోయేది ఎగిరే తరం మాత్రమే, తర్వాతి తరం అప్పటికే నేలలో ఉంటుంది. పైగా వెచ్చని పశువుల కొట్టాల్లో కొన్ని పెద్ద నుసుమలు చలికాలంలోనూ బతుకుతాయి.