డెల్టాలో ఊరి పేరును బట్టి నేల ఎత్తుపల్లాలు తెలుస్తాయా?

కోనసీమ, కొల్లేరు, దివిసీమ ఊళ్ళ పేర్ల చివర లంక, గరువు, తిప్ప అని ఎందుకుంటాయి, స్థలం కొనేవాళ్ళకి అవి పనికొస్తాయా అని అడిగారు. బాగా పనికొస్తాయి. పేరులో మొదటి సగం మనిషిదో చెట్టుదో కావచ్చు, నేల సంగతి చెప్పేది చివరి ముక్క.

లంక అంటే నీటి మధ్య మెరక. అయితే గోదారి లంక వేరు, కొల్లేటి లంక వేరు. అయోధ్యలంక, కనకాయలంక లాంటివి నది తెచ్చిన ఒండ్రు, ఇసుక మేట వేసి పెరిగినవి. అరటి, కూరగాయలు, లంక పొగాకు అంత బాగా పండేది అందుకే. వరద వస్తే ముందు మునిగేవీ అవే. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులైతే మొదటి హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. ఏ హెచ్చరికకి దారి మునుగుతుందో, ఏ హెచ్చరికకి నీరు అరుగెక్కుతుందో ఊళ్ళో అడగండి. 1986, 2022 వరదల్లో నీళ్ళు ఎంతవరకు వచ్చాయో గోడ మీద చూపించమనండి.

కొల్లేటి లంకలైన ఆగడాలలంక, గుడివాకలంక వైపు నల్ల బంకమట్టి. అక్కడ చేరిన నీరు ఉప్పుటేరు మీదుగానే సముద్రంలో కలవాలి కనుక త్వరగా తీయదు. కొల్లేరులో +5 కాంటూరు (సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తును చూపే గీత) లోపలి భాగాన్ని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. సర్వే నంబరు ఆ గీత లోపలుందో బయటుందో తేలకుండా బయానా ఇవ్వకండి.

చిందాడగరువు పేరులోని గరువు ఇసుకపాటి మెరక నేల. కొబ్బరికీ ఇళ్ళకీ మంచిది. బాడవ దానికి పూర్తిగా ఎదురు, నీరు నిలిచే పల్లం. ఇల్లు కట్టాలంటే మెరక తోలించే ఖర్చు ముందే లెక్కేసుకోండి. పాలకాయతిప్పలో తిప్ప అంటే ఇసుకదిబ్బ. సముద్రం పక్క ఇలాంటి ఇసుకలో వాననీరు కిందనున్న ఉప్పునీటి మీద పలచగా నిలుస్తుంది. లోతు తక్కువ నుయ్యి తవ్వి కొంచెం కొంచెం తోడుకుంటే తియ్యటి నీరే వస్తుంది. లోతుగా బోరు దించి మోటారు గంటల తరబడి ఆడిస్తే ఉప్పునీరు పైకి లాగేస్తుంది, ఆ తర్వాత మోటారు ఆపేసినా నీరు మళ్ళీ తియ్యగా మారడానికి చాలాకాలం పడుతుంది.

పేరును నమ్మి మోసపోయేది ఎక్కడంటే, ఏరు దారి మార్చుకున్నా ఊరి పేరు మారదు. లంక కోతకు గురైతే జనం గట్టు మీదికొచ్చి పాత పేరే పెట్టుకోవచ్చు. అందుకని ఊరి పేరు దగ్గరే ఆగకుండా, కొనబోయే చేనును పాత రైతులు ఏమని పిలుస్తారో కనుక్కోండి. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 పటంలో పాత పాయలు, దిబ్బలు సరిచూసుకోండి. వేసవిలో బేరం కుదిరినా, రిజిస్ట్రేషనుకు ముందు ఆగస్టులో ఒకసారి వెళ్ళి ఆ నేల మీద నిలబడి చూడండి.