వయసొచ్చాక యంగ్ అడల్ట్ (అదే, టీనేజ్ పిల్లలకని రాసే) ఫాంటసీ రొమాన్స్‌లు ఎక్కట్లేదు, నాకొక్కదానికేనా? ఇక ఏం చదవాలి?

మీకొక్కరికే కాదు. కానీ దానికి "మెచ్యూరిటీ వచ్చింది" అని పేరు మాత్రం పెట్టకండి, నాకు ఒళ్ళు మండుద్ది. మా అమ్మ వారపత్రికల్లో సీరియల్స్ చదివి ఏడుస్తుంటే పక్కింటాయన కూడా ఇలాగే నీతులు చెప్పేవాడు, ఆయన చూస్తే రోజంతా పేకాట.

నా సంగతి ఒక ట్రైన్‌లో తేలిపోయింది. గుంటూరు నుంచి గోల్కొండ ఎక్స్‌ప్రెస్‌లో వస్తూ, ఇంటర్లో పిచ్చెక్కినట్టు చదివిన ట్విలైట్ నవల మళ్ళీ తీశా, మధ్యలో అప్పటి గ్రాఫ్ పేపర్ ముక్క ఇంకా అలాగే ఉంది. ఎదురు సీట్లో పెద్దావిడ జామకాయ కోసుకుని ఉప్పూకారం అద్దుకుంటూ "ఏం కథమ్మా, నీలో నువ్వే నవ్వుకుంటున్నావ్" అంది. చెప్పా. అమెరికాలో ఫోర్క్స్ అని ఎప్పుడూ వాన పడే ఊరండీ, అమ్మాయికి 17, అబ్బాయి పుట్టిందేమో 1901లో, రక్తం తాగే రకం, కానీ చూడ్డానికి 17 లాగే ఉంటాడు, స్కూల్లో ఆ పిల్ల పక్కనే కూర్చుంటాడు, రాత్రుళ్ళు గదిలోకొచ్చి తను నిద్రపోతుంటే చూస్తూ ఉంటాడు అని.

ఆవిడ జామముక్క చేతిలోనే ఉంచుకుని "వందేళ్ళొచ్చి ఇంకా స్కూలేనా? ఎన్నిసార్లు తప్పాడేంటి?" అంది. చుట్టుపక్కల వాళ్ళంతా ఒకటే నవ్వు. "మరి ఆ పిల్ల తండ్రి ఏం చేస్తాడు?" అంటే పోలీస్ చీఫ్ అండీ అన్నా. "పోలీసయ్యుండి ఇంట్లో ఎవరు దూరుతున్నారో చూసుకోడా!"

ఖమ్మం దాటినా ఆ మాట వదల్లేదు. వెనక్కి తిప్పితే మూడో చాప్టర్లో దొరికాడు తండ్రి. మంచు గడ్డకట్టిన రోజు, ఛార్లీ పొద్దున్నే లేచి కూతురి బండి టైర్లకి జారకుండా గొలుసులు బిగించి, ఒక్క మాట కూడా చెప్పకుండా వెళ్ళిపోతాడు. ఆ పిల్ల స్కూల్ దగ్గర దిగాక అవి చూసుకుంటుంది, గొంతు పట్టేస్తుంది. అంతలోనే ఒక వ్యాన్ జారుకుంటూ మీదికొస్తే హీరో చేత్తో ఆపేస్తాడు, మనందరికీ గుర్తుండిపోయింది ఈ వ్యానే. ఆ గొలుసులు ఉన్నాయనే నాకు ఇంటర్లో తెలీదు. ఈసారి వ్యాన్ సీన్ గబగబా తిప్పేసి గొలుసుల దగ్గరే ఉండిపోయా. నేను హాస్టల్‌కి బయల్దేరే ముందు మా నాన్న బ్యాగ్ జిప్పుకి కొవ్వొత్తి రుద్ది పెట్టేవాడు, సాఫీగా జరగాలని. దాని మీద ఎవరూ నవల రాయరు.

కాబట్టి రాసి పెట్టుకోండి, మొహం మొత్తేది ఫాంటసీ కాదు, హీరో. డ్రాగన్లు ఇవ్వండి, మంత్రాలు ఇవ్వండి, ఇప్పటికీ తెల్లార్లూ చదువుతా. కానీ వందల ఏళ్ళు బతికినవాడికి టీనేజ్ పిల్ల తప్ప మాట్లాడే మనిషే దొరకలేదంటే, వాడిలోనే ఏదో తేడా ఉంది. పబ్లిషర్లకీ ఇది తెలుసు. అమెరికన్ రచయిత్రి సారా జె. మాస్ 2015లో మొదలుపెట్టిన ఫేరీల (మాయాశక్తులున్న జాతి) సిరీస్ చూడండి, అమ్మాయికి 19, అబ్బాయికి 500 పైనే, మొదట టీనేజ్ షెల్ఫ్‌లో అమ్మారు, 2020లో కవర్లు మార్చి పెద్దవాళ్ళ పుస్తకంగా వదిలారు. కథ అదే, అట్ట వేరే. పైగా ఇప్పుడు పేజీల అంచులకి రంగు పూసి ఇంకో రేటు. పుస్తకం కొంటున్నామా, ఇంటికి పెయింట్ వేయిస్తున్నామా?

ఇక మన తెలుగులో ఈ వయసు పిల్లలకంటూ రాసేవాళ్ళేరీ? చందమామ అయిపోగానే నేరుగా సస్పెన్స్ సీరియల్స్‌లోకి దూకేవాళ్ళం, మధ్యలో మెట్టే లేదు. అందుకే ఇంగ్లీష్ వాంపైర్ల పాలబడ్డాం.

ఏం చదవాలన్నారు కదా, ముందు అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేయండి, రేటు సగానికి అడగండి. హీరో ఎంట్రీ ముందు ఆ ఇంట్లో వంట ఎవరు చేస్తున్నారో రాసిన ఫాంటసీ ఏదైనా తగిలితే నాకూ చెప్పండి, కొనుక్కుంటా.